ఒకే మాయ కవలలకి రెండు వారాలకోసారి స్కానింగ్ ఎందుకు?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఆవిడకి 13 వారాలు, ఎన్‌టీ స్కాన్‌లో ఇద్దరు పిల్లలు కనిపించారు, రిపోర్ట్‌లో "ఎంసీడీఏ ట్విన్స్" అని రాసి, 16వ వారం నుంచి రెండు వారాలకోసారి తప్పకుండా రమ్మన్నారు. మీ అమ్మగారేమో "ఏటి, ఇన్ని స్కానింగులా, కడుపులో పిల్లలకి ఏటైనా అయితేనో" అంటున్నారు. మీకేమో ఇదంతా స్కానింగ్ సెంటర్ వాళ్ల వ్యాపారమేమోనని అనుమానం. పైగా ఐదో నెలలో నర్సీపట్నం పుట్టింటికి పంపించి కాన్పు దాకా అక్కడే ఉంచుదామని ఇంట్లో అనుకుంటున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆ రెండు వారాల లెక్క సరైనదే. నేను వైజాగ్‌లో ఇరవై రెండేళ్లుగా గర్భిణులకి స్కానింగ్ చేస్తున్నాను, అనవసరంగా నెలనెలా రాసేవాళ్లనీ చూశాను, అలాంటివి నా దగ్గరికొస్తే నేనే వద్దని పంపేస్తాను. ఒక్క బిడ్డ ఉండి, ఏ ఇబ్బందీ లేకపోతే, మొత్తమ్మీద మూడు నాలుగు స్కాన్లు చాలు. మీది ఆ లెక్కలోకి రాదు. మీ రిపోర్ట్‌లో అసలు విషయం "ట్విన్స్" అన్న మాటలో లేదు, దాని ముందున్న "ఎంసీ" అన్న రెండక్షరాల్లో ఉంది. ఎంసీ అంటే ఇద్దరికీ మాయ (ప్లాసెంటా) ఒక్కటే. డీఏ అంటే ఉమ్మనీటి సంచులు మాత్రం రెండు.

కవల అరటిపండు తింటే కవలలు పుడతారని మా అమ్మమ్మ నా చేతిలోంచి లాగేసుకునేది. అరటిపండు సంగతి అలా ఉంచితే, ఒకే పోలికతో పుట్టే కవలలు ఒకే అండం రెండుగా చీలడం వల్ల వస్తారు, అది ఎన్నో రోజున చీలిందన్న దాన్నిబట్టి మిగతా కథంతా నడుస్తుంది. మొదటి మూడు రోజుల్లో చీలితే ఎవరి మాయ వాళ్లది, ఎవరి సంచి వాళ్లది. నాలుగు నుంచి ఎనిమిది రోజుల మధ్యలో అయితే మీ ఆవిడకున్నట్టు మాయ ఒకటి, సంచులు రెండు. ఇంకా ఆలస్యమైతే సంచి కూడా ఒక్కటే. పదమూడు రోజులు దాటాక చీలిక మొదలైతే అది పూర్తవదు, అవిభక్త కవలలవుతారు. అంటే ఒకే పోలిక కవలల్లో కూడా మూడో వంతు మందికి మాయలు వేరువేరుగానే ఉంటాయి. అందుకే "ఒకేలా పుడతారా డాక్టరుగారూ" అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: పోలికలు పుట్టాక చూసుకుందాం, ముందు మాయ ఒకటా రెండా అడగండి.

మాయ ఒకటైతే ఏమవుతుంది? పాత డాబా ఇళ్లు చూసే ఉంటారు, అన్నదమ్ములు వాటాలు పంచుకుని మధ్యలో గోడ కట్టుకున్నాక కూడా పైన నీళ్ల ట్యాంకు మాత్రం ఉమ్మడిగానే ఉండిపోతుంది. పైపులు ఎవరివి వాళ్లవే అనుకుంటారు గానీ స్లాబులో ఎక్కడో ఒక పైపు ఇటు నుంచి అటు కలిసి ఉంటుంది, ఆ సంగతి ఒకరింట్లో నీళ్లు రాక, ఇంకొకరింట్లో పొంగిపోయినప్పుడే తెలుస్తుంది. ఒకే మాయ ఉన్న పిల్లల మధ్య ఇలాంటి రక్తనాళాల కలయికలు దాదాపు అందరిలోనూ ఉంటాయి. కొన్ని మాయ పైభాగంలో ధమనికి ధమని కలిసినవి, వాటిలో రక్తం అటూ ఇటూ పోతుంది, ఒకరకంగా అవి లెక్క సరిచేస్తాయి. కొన్ని లోతున, ఒక బిడ్డ ధమని నుంచి రెండో బిడ్డ సిరలోకి, ఒకవైపుకే ప్రవహించేవి. ఈ రాకపోకలు సరిసమానంగా ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ కాదు. చాలామందికి ఏమీ కాదు కూడా, ఆ మాట మీ ఆవిడకి ముందు చెప్పండి.

సమానంగా లేకపోతే వచ్చేదే టీటీటీఎస్. ఒకే మాయ పంచుకునే కవలల్లో నూటికి పది నుంచి పదిహేను గర్భాల్లో వస్తుంది, ఎక్కువగా 16 నుంచి 26 వారాల మధ్య. ఒక బిడ్డ రక్తం మెల్లగా రెండో బిడ్డలోకి పోతూ ఉంటుంది. ఇచ్చే బిడ్డకి ఒంట్లో రక్తం తగ్గి మూత్రం తగ్గుతుంది, కడుపులో ఉమ్మనీరు అంటే నాలుగో నెల దాటాక ముఖ్యంగా బిడ్డ పోసే మూత్రమే కాబట్టి ఆ సంచిలో నీరు ఎండిపోతుంది. పుచ్చుకునే బిడ్డకి రక్తం ఎక్కువై, దాన్ని వదిలించుకోవడానికి ఎడతెరిపి లేకుండా మూత్రం పోసి, సంచి ఉబ్బిపోతుంది, గుండె మీద భారం పడుతుంది. ఎక్కువ తీసుకునేవాడు బాగుంటాడనుకుంటాం, ఇక్కడ ముందు గుండె దెబ్బతినేది చాలాసార్లు వాడికే.

స్కానింగ్‌లో మేము చూసేది ఇదే. ఒక్కో సంచిలో ఎక్కడ నీరు లోతుగా ఉందో అక్కడ నిలువుగా కొలుస్తాం, మధ్యలో బొడ్డుతాడు గానీ చెయ్యి గానీ అడ్డం రాకుండా. ఒకదాంట్లో 2 సెంటీమీటర్ల కంటే తక్కువ, రెండోదాంట్లో 8 కంటే ఎక్కువ ఉంటే టీటీటీఎస్, 20 వారాలు దాటాక చాలాచోట్ల ఆ 8ని 10గా తీసుకుంటారు. ఆ తర్వాత ఇద్దరి బ్లాడర్లు, అంటే మూత్రాశయాలు, చూస్తాం. క్వింటెరో అనే డాక్టరు 1999లో చెప్పిన స్టేజీలనే ఇప్పటికీ వాడుతున్నాం: నీటిలో తేడా ఉన్నా రక్తం ఇచ్చే బిడ్డ బ్లాడర్ కనిపిస్తుంటే మొదటి స్టేజి, ఎంతసేపు చూసినా బ్లాడర్ నిండకపోతే రెండు, రక్తప్రవాహం డాప్లర్‌లో (రక్తం పారే తీరు చూపించే స్కాన్‌లో) బాగా దెబ్బతిన్నట్టు కనిపిస్తే మూడు, ఒంటికి నీరు పడితే నాలుగు, ప్రాణం పోతే ఐదు. ఇవి మెట్లు మెట్లుగా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయనుకోకండి. మొదటి స్టేజిలో ఉన్నవాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోతారు, కొందరు నాలుగు రోజుల్లో మూడుకి వెళ్లిపోతారు. రెండు వారాల గడువు పెట్టింది ఈ వేగం చూసే. నెలకోసారి చూస్తే మధ్యలో మొదలై ముగిసిపోయే జబ్బు ఇది.

ఏడెనిమిదేళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పాలి. అనకాపల్లి దాటి ఒక ఊరి నుంచి ఒకావిడ వచ్చింది, 20వ వారం. పది రోజుల ముందు వేరేచోట తీసిన రిపోర్ట్ చేతిలో ఉంది, "ఇద్దరు పిల్లలూ బాగున్నారు, ఉమ్మనీరు సరిపడా ఉంది, నెల తర్వాత రండి" అని. ఉమ్మనీరుకి ఒకే ఒక్క అంకె వేశారు, రెండు సంచులకీ కలిపి. మాయ ఒకటా రెండా అన్న ఊసే లేదు. ఆవిడ చెప్పిందేమిటంటే వారం రోజుల్లో కడుపు బిర్రుగా పెరిగిపోయింది, జాకెట్లు పట్టడం లేదు, రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందడం లేదు. "కవలలు కదా, అలాగే ఉంటాది" అన్నారట ఇంట్లో. ప్రోబ్ పెట్టగానే తెర నిండా నలుపు, అంటే అంతా నీరే, అందులో ఒక బిడ్డ హాయిగా తిరుగుతోంది. రెండో బిడ్డ పైన ముందు గోడ దగ్గర ఉంది. మామూలుగా ఉన్నట్టే కనిపించింది. అప్పుడు ఆవిడని ఎడమ పక్కకి తిరగమన్నాను. తల్లి పక్కకి తిరిగితే లోపలి బిడ్డ నీటిలో జారి కిందికి రావాలి. ఆ చిన్న బిడ్డ రాలేదు. పైన గోడకి గబ్బిలంలా అంటుకునే ఉంది. నీరంతా పోయి, పొర బిడ్డ ఒంటికి తడిబట్టలా చుట్టుకుపోయి, గోడకి అదిమి పట్టేసింది. బ్లాడర్ కోసం ఇరవై నిమిషాలు చూశాను, మధ్యలో ఆవిడని లేపి కాస్త నడిపించి మళ్లీ చూశాను. లేదు. పెద్ద బిడ్డ సంచిలో నీరు 11 సెంటీమీటర్లు.

ఇలాంటప్పుడు ఆ పొర కనిపించక "సంచి ఒకటే" అని పొరపడేవాళ్లూ ఉన్నారు, అలా అనుకుంటే నీటిలో తేడా అనే ఆలోచనే రాదు. ఆవిడని ఆ రాత్రే హైదరాబాద్ పంపించాం. లేజర్ చేశారు. చిన్న బిడ్డ దక్కలేదు. రెండో బాబు 33 వారాలకి పుట్టాడు, ఇప్పుడు బడికెళ్తున్నాడు. పది రోజుల ముందు తీసిన ఆ స్కాన్‌లో రెండు సంచులనీ విడివిడిగా కొలిచి ఉంటే ఇంకోలా ఉండేదేమో అని నాకిప్పటికీ అనిపిస్తుంది. అందుకే మీకు చెప్పేది: రిపోర్ట్ చేతికి రాగానే ఉమ్మనీరు దగ్గర రెండు అంకెలు ఉన్నాయా, రెండు బ్లాడర్ల గురించి రాశారా చూడండి. లేకపోతే అక్కడే, ఆ బల్ల దగ్గరే, మర్యాదగా అడగండి. తప్పేం లేదు.

లేజర్ అంటే భయపడతారు, అదేమిటో కూడా చెప్పేస్తాను. పెన్ను రీఫిల్ అంత సన్నటి గొట్టాన్ని తల్లి పొట్ట మీద నుంచి, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, నీరెక్కువున్న సంచిలోకి పంపి, కెమెరాతో మాయ మీద ఆ కలయిక నాళాలని వెతికి ఒక్కొక్కటీ కాల్చి మూసేస్తారు. ఉమ్మడి పైపుని గోడ దగ్గర కోసేసి బిరడా కొట్టినట్టన్నమాట. అంతకుముందు ఉన్న వైద్యం ఉబ్బిన సంచిలో నీరు తీసేయడం, అది ఒత్తిడిని తగ్గిస్తుంది గానీ నాళాలని ముయ్యదు కదా. 2004లో యూరప్ డాక్టర్లు ఈ రెండింటినీ పోల్చి చూశారు, కనీసం ఒక బిడ్డయినా పుట్టి 28 రోజులు బతికినవి లేజర్ వైపు నూటికి 76, నీరు తీసిన వైపు 56. అప్పటి నుంచి చేతులు ఇంకా తిరిగాయి. అలాగని లేజర్ తర్వాత అంతా అయిపోయినట్టు కాదు, పొర పగలడం, నెలలు నిండకుండా కాన్పు కావడం ఉంటాయి. కానీ ముదిరిన టీటీటీఎస్‌ని నడి నెలల్లో అలా వదిలేస్తే నూటికి తొంభై దాకా ఇద్దరినీ కోల్పోయే పరిస్థితి, దాంతో పోల్చి చూసుకోవాలి.

ఇక ట్యాప్స్, ఒకే మాయ కవలల్లో వచ్చే ఇంకో రక్తం తేడా. ఇది దొంగ జబ్బు. టీటీటీఎస్‌లో పైపు పగిలినట్టయితే ఇందులో కొళాయి చుక్కచుక్కగా కారుతుంది. ఒక మిల్లీమీటరు కూడా లేని నాళాల్లోంచి ఎర్రకణాలు రోజూ కొద్దికొద్దిగా ఒకరి నుంచి ఇంకొకరికి చేరి, ఒక బిడ్డ రక్తహీనతతో పాలిపోతుంది, రెండో బిడ్డ రక్తం చిక్కబడిపోతుంది. నీటిలో తేడా రాదు, కాబట్టి నీరు మాత్రమే చూసి "అంతా బాగుంది" అన్నవాళ్లకి ఇది దొరకదు. దీన్ని పట్టుకునేది డాప్లర్‌తో బిడ్డ మెదడులోని ఒక రక్తనాళంలో రక్తం వేగం కొలిచి. రక్తం పలచబడితే వేగం పెరుగుతుంది, చిక్కబడితే తగ్గుతుంది. ఆ వారానికి ఉండాల్సిన సగటుకి ఒక బిడ్డలో ఒకటిన్నర రెట్లు దాటి, రెండో బిడ్డలో సగటు కంటే తక్కువకి పడిపోతే అనుమానించాలి. ఒక్కోసారి మాయ కూడా చెప్పేస్తుంది, తెర మీద సగం మాయ తెల్లగా మందంగా, మిగతా సగం పలచగా నల్లగా, మధ్యలో గీత గీసినట్టు. రక్తం చిక్కబడ్డ బిడ్డ కాలేయంలో నల్లటి ఆకాశంలో చుక్కల్లా మెరుపులు కనిపిస్తాయి. నా సర్వీసులో ఆ చుక్కలు స్పష్టంగా చూసింది మూడుసార్లే. తనంతట తానుగా వచ్చే ట్యాప్స్ నూటికి మూడు నుంచి ఐదు, లేజర్ అయినవాళ్లలో కాస్త ఎక్కువ. ఈ మెదడు నాళం డాప్లర్ 20 వారాల నుంచి ప్రతిసారీ చెయ్యాలి. మీ రిపోర్ట్‌లో "ఎంసీఏ పీఎస్‌వీ" అని ఇద్దరికీ రాసి ఉందో లేదో చూసుకోండి, అదే ఇది.

మూడోది ఎదుగుదలలో తేడా. మాయ ఒకటే అయినా వాటా సమానంగా రాకపోవచ్చు, ఒకరికి మూడొంతులు, ఒకరికి ఒక వంతు. పైగా చిన్న బిడ్డ బొడ్డుతాడు చాలాసార్లు మాయ అంచున, ఒక్కోసారి మాయ మీద కాకుండా పొర మీదే అతుక్కుని ఉంటుంది. లెక్క మీరే వేసుకోవచ్చు: పెద్ద బిడ్డ బరువులోంచి చిన్న బిడ్డ బరువు తీసేసి, పెద్ద బరువుతో భాగించండి. 22 వారాలకి ఒకరు 480 గ్రాములు, ఒకరు 345 అనుకోండి, తేడా 135, అంటే 28 శాతం. 25 శాతం దాటిందీ అంటే, చిన్న బిడ్డ బరువు కూడా ఆ వారానికి ఉండాల్సిన దాని కంటే బాగా తక్కువగా ఉందీ అంటే, జాగ్రత్తపడాలి. స్కానింగ్ చెప్పే బరువు తూకం వేసింది కాదు, తల, పొట్ట, తొడ ఎముక కొలిచి కట్టిన అంచనా, పది పదిహేను శాతం అటూ ఇటూ అవుతుంది. ఒక స్కాన్‌లో 18 శాతం అని చూసి రాత్రంతా నిద్ర మానుకోకండి. తేడా స్కాన్ స్కాన్‌కీ పెరుగుతోందా అన్నదే ముఖ్యం.

బరువు కంటే నేను ఎక్కువసేపు చూసేది చిన్న బిడ్డ బొడ్డుతాడులో రక్తప్రవాహం. గుండె కొట్టుకున్న ప్రతిసారీ, కొట్టుకున్నాక సడలినప్పుడు కూడా, రక్తం ముందుకే పోతుంటే మంచి రకం, ఇలాంటివాళ్లలో ఎక్కువమంది బాగానే బయటపడతారు. సడలినప్పుడు ఎప్పుడూ ఆగిపోతుంటే లేదా వెనక్కి వస్తుంటే రెండో రకం, మెల్లగా దిగజారుతుంది, కానీ దిగజారడం మనకి కనిపిస్తుంది. మూడో రకం విచిత్రమైనది. ఒక నిమిషం బాగుంటుంది, ఒక నిమిషం ఆగుతుంది, ఇంకోసారి వెనక్కి, అలలా. మాయ మీద ఇద్దరి మధ్యా ఒక పెద్ద ధమని కలయిక ఉండటం వల్ల ఇలా అవుతుంది. ప్రోబ్‌ని అక్కడే కదలకుండా పట్టుకుని, స్పీడ్ తగ్గించి, ఓపిగ్గా చూస్తేగానీ దొరకదు, అర నిమిషం చూసి వదిలేసేవాళ్లకి అది మొదటి రకంలానే కనిపిస్తుంది. దీనిలో ఏ హెచ్చరికా లేకుండా ప్రమాదం జరగొచ్చు, అందుకని ఇది తేలితే రెండు వారాలు కాదు, వారానికోసారో అంతకంటే ముందో రమ్మంటాం.

ఒక బిడ్డ కడుపులోనే పోతే రెండో బిడ్డ సంగతేమిటని మీరు అడగలేదు, అడగడానికి భయపడి ఉంటారు. మాయలు వేరైతే రెండో బిడ్డకి పెద్దగా దెబ్బ తగలదు. ఒకే మాయలో అలా కాదు, ఆగిపోయిన వైపుకి రక్తం ఒక్కసారిగా జారుతుంది, దానివల్ల రెండో బిడ్డని కూడా కోల్పోయేది నూటికి పదిహేను దాకా, బతికినా మెదడుకి దెబ్బ తగిలేది పాతిక దాకా. ఆ నష్టం జరిగేది ఆ క్షణంలోనే, అందుకే తర్వాత కంగారుగా ఆపరేషన్ చేసి తీసేయడం వల్ల ఉపయోగం ఉండదు. ఇది చెప్పింది భయపెట్టడానికి కాదు. చిన్న బిడ్డని జాగ్రత్తగా చూడటమంటే పెద్ద బిడ్డని కాపాడటం కూడా అని మీ ఇంట్లో పెద్దవాళ్లకి అర్థం కావాలని.

మిగతావి మీ కేసుకి అంతగా సంబంధం లేనివి, కాబట్టి తొందరగా చెప్తాను. సంచి కూడా ఒకటే అయినవాళ్లలో బొడ్డుతాళ్లు చిక్కుపడటం దాదాపు ప్రతి స్కాన్‌లోనూ కనిపిస్తుంది, వాళ్లకి 32 నుంచి 34 వారాల మధ్యలో ఆపరేషన్ చేస్తారు. మీ రిపోర్ట్‌లో పొర కనిపించిందని స్పష్టంగా ఉంది, ఆ బెంగ వదిలేయండి. ట్రాప్ అనే అరుదైన స్థితిలో ఒక బిడ్డకి గుండె ఉండదు, రెండో బిడ్డ గుండే ఇద్దరికీ పంపు కొడుతుంది, అది మొదటి స్కాన్‌లోనే బయటపడాలి, మీకు ఇద్దరి గుండె చప్పుళ్లూ రాశారు. గుండె లోపాలు మాత్రం ఒకే మాయ కవలల్లో మామూలు కంటే ఎక్కువ, 20 వారాల దగ్గర అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌తో పాటు బిడ్డల గుండెకి విడిగా ఎకో చేయించుకోండి. అప్పుడే గర్భాశయ ముఖద్వారం పొడవు కూడా కొలవమనండి, 25 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ముందే కాన్పయ్యే అవకాశం ఎక్కువ.

మాయ ఒకటే అని వాళ్లకి ఎలా తెలిసిందని అడిగారు. 11 నుంచి 14 వారాల మధ్య రెండు సంచుల మధ్య పొర వెళ్లి మాయని తాకే మూల చూస్తాం. మాయలు రెండైతే ఆ మూలలో మాయ కాస్త పొరల మధ్యలోకి గోపురంలా పొడుచుకొస్తుంది, దాన్ని లాంబ్డా అంటాం. మాయ ఒకటైతే పొర సన్నటి దారంలా వచ్చి గోడకి కర్ర ఆనించినట్టు తిన్నగా తగులుతుంది, ఇంగ్లీషు టీ అక్షరంలా. తర్వాత్తర్వాత ఆ గోపురం అరిగిపోతుంది, ఐదో నెలలో మొదటిసారి వచ్చేవాళ్లకి ఖచ్చితంగా చెప్పడం కష్టం. తేలకపోతే ఒకటే అనుకుని జాగ్రత్తపడటం మా పద్ధతి. కాబట్టి మీ 13 వారాల స్కాన్ ప్రింట్ పారేయకండి. ఇంకో మాట, దాన్ని లామినేషన్ చేయించకండి! ఆ కాగితం వేడికి నల్లబడిపోతుంది, నా దగ్గరికి అలా బొగ్గులా అయినవి తెచ్చి "ఇదేనండీ మొదటి ఫోటో" అని చూపించినవాళ్లు ఎంతమందో. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇద్దరూ వేర్వేరు లింగాలైతే మాయలు వేరని ఇట్టే తేలుతుంది, బయటి దేశాల్లో అది కూడా రాస్తారు. మన దగ్గర లింగ నిర్ధారణని నిషేధించిన 1994 చట్టం ప్రకారం మేము చెప్పకూడదు, "ఇద్దరూ ఒకటేనా చెప్పండి చాలు" అన్నా చెప్పం, అడగకండి. ప్రతి స్కాన్‌కీ గుర్తింపు కార్డు, సంతకం, ఆ చట్టం కింద నింపే ఫారం ఎఫ్ తప్పవు. పన్నెండుసార్లు సంతకం పెట్టాలన్నా విసుక్కోకూడదు.

అమ్మగారి భయం గురించి. ఇది ఎక్స్‌రే కాదు, ఇందులో రేడియేషన్ లేదు. మన చెవికి వినపడని శబ్దం లోపలికి వెళ్లి తగిలి వెనక్కి వస్తుంది, ఆ తిరిగొచ్చిన దాన్నే బొమ్మగా చూపిస్తుంది మెషీన్. డాప్లర్‌ని మొదటి నెలల్లో అనవసరంగా వాడకూడదని మాకూ నియమం ఉంది, అవసరమైనంతవరకే, తక్కువ పవర్‌లో. నాలుగో నెల దాటాక అవసరం ఉండి చేసే స్కాన్ల వల్ల బిడ్డకి హాని జరిగిందని ఎక్కడా తేలలేదు.

నర్సీపట్నం. పుట్టింటికి వెళ్లొద్దనను, అమ్మ దగ్గర ఉంటే ఆ పిల్లకీ బాగుంటుంది. కానీ ఐదో నెల అంటే సరిగ్గా 16 నుంచి 26 వారాల మధ్యలో పడుతుంది, ఇందాక చెప్పిన గండం కాలమంతా అదే. అప్పుడు మీ ఇంట్లో, కూర్మన్నపాలెంలోనే ఉంచుకుని, మీ షిఫ్టుని బట్టి స్కాన్ తేదీలు ముందే రాసిపెట్టుకోండి, 16, 18, 20, 22, అలా. చుట్టపుచూపుగా నాలుగు రోజులు వెళ్లిరావచ్చు. తప్పదు, అక్కడే ఉంటుంది అంటే ప్రతి రెండు వారాలకీ వైజాగ్ వచ్చి ఇక్కడే చూపించుకోవాలి, అక్కడా ఇక్కడా మార్చి మార్చి తీయిస్తే ఎవరి కొలతలు వాళ్లవి, ఎవరు మొదటి బిడ్డ ఎవరు రెండో బిడ్డ అన్నది కూడా తారుమారవుతుంది. మంచి రిపోర్ట్‌లో "ఎడమ పక్క కింద ఉన్న బిడ్డ, కుడి పక్క పైన ఉన్న బిడ్డ" అని, బొడ్డుతాడు మాయలో ఎక్కడ దిగిందో కూడా ప్రతిసారీ రాస్తారు. ఖర్చు ఇబ్బంది అయితే వైజాగ్ ప్రభుత్వాసుపత్రులైన కేజీహెచ్‌లో గానీ ఘోషా ఆసుపత్రిలో గానీ ఓపీలో పేరు రాయించుకోండి. నెలనెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా చూసే రోజు ఉంటుంది, అది మంచిదే, కాకపోతే ఆ ఒక్కరోజుతో మీకు సరిపోదు.

స్కాన్ తేదీ వచ్చేదాకా ఆగకూడని సంగతులున్నాయి. రెండు మూడు రోజుల్లో కడుపు ఒక్కసారిగా పెరిగినట్టు బిర్రుగా అనిపించినా, ఆయాసం వచ్చినా, మాటిమాటికీ కడుపు గట్టిపడుతున్నా, నీరు గానీ రక్తం గానీ కనిపించినా, అది అర్ధరాత్రయినా బయల్దేరండి. ఏడో నెల దాటాక పిల్లల కదలిక తగ్గినా అంతే.

ఏ తేడా లేకుండా సాగితే 36 వారాలు దాటాక, 37 లోపు కాన్పు చేస్తారు, ఇద్దరి కోసం ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) ఉన్నచోట. మొదటి బిడ్డ తల కిందికి ఉంటే మామూలు కాన్పు కూడా కుదురుతుంది, ఆపరేషనే అని ఇప్పటి నుంచే అనుకోనక్కర్లేదు.

16వ వారం స్కాన్‌కి మీ అమ్మగారినీ తీసుకెళ్లండి, లోపలికి ఒకర్ని రానిస్తారు, మీరు బయట కూర్చోండి. తెర మీద ఒక్కో బిడ్డ పొట్టలో కింద గురివింద గింజంత నల్ల చుక్క కనిపిస్తుంది, అదే బ్లాడర్. రెండూ చూపించమని ఆవిడనే అడగమనండి. ఆ స్కాన్ రిపోర్ట్ వచ్చాక నీటి అంకెలు రెండూ, బరువులు రెండూ ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.